రేవు గుమ్మంలో బేరం

ఆ ఉదయం కాంతరత్నం కొట్టు తలుపు తీసేసరికి సగం సరుకు మూగబోయి ఉంది.

రోజూ ఆవిడ లోపల అడుగు పెట్టగానే అరల మీది సీసాలు, డబ్బాలు నీలంగా మిణుకుమనేవి. దేని మీద వేలు పెట్టినా చెవిలోని పలుకుగింజ మెల్లగా విప్పి చెప్పేది: ఫలానా ఊళ్లో పుట్టాను, దారిలో ఎండ తగల్లేదు, ఫలానా వాళ్ల చేతులు మారాను, నా ధర ఇది. ఆ మాట సీసాది కాదు, సీసా మీద చల్లిన సాక్షిరజనుది. కంటికి ఆననంత సన్నటి ఆ పొడి పడితే చాలు, ప్రతి వస్తువూ తన కథ తానే మోసుకు తిరిగేది. అది వచ్చాక తనిఖీలు పోయాయి, రశీదులు పోయాయి, బేరాలు కూడా పోయాయి. సరుకే నిజం చెబుతుంటే మనిషిని అడిగే పనేముంది? ఐరోపా కూటమిలో ఏ పెట్టె అయినా రేవు గుమ్మాల కింద నుంచి గాలిలా సాగిపోయేది.

ఇప్పుడు సముద్రం అవతలి నుంచి వచ్చిన సరుకంతా వెలుగు ఆరి, అరల మీద బొమ్మల కొలువులా కూర్చుంది. బ్రిటన్ కూటమి నుంచి బయటికి వచ్చేసింది. తాతల కాలంలో ఒకసారి వెళ్లింది, మనవల కాలంలో తిరిగి చేరింది, ఇది రెండోసారి. అలిగి పుట్టింటికి పోయే కోడలి వరస అని ఇంగ్లండు రేవుపట్టణం హల్‌లోని తెలుగువాళ్లు నవ్వుకున్నారు గానీ రజనుకు నవ్వు తెలియదు. కూటమి తన తాళం మార్చుకోగానే అవతలి రజను ఇవతలి చెవికి పలకడం మానేసింది.

కాంతరత్నానికి నవ్వు రాలేదు. ఆవిడది ప్రయోగశాలలకు సరుకు అందించే కొట్టు. చీరాలలో నూలు అమ్మిన వంశం. దేన్ని చూసినా వచ్చేదేమిటి, పోయేదేమిటి అని ఒక్క చూపులో తూచుకోవడం ఆవిడకు ఊపిరితో పాటు వచ్చింది. భర్త పోయినప్పుడు కూడా కళ్లు తుడుచుకున్నాక ఆయన మిగిల్చినవేమిటో చూసుకుంది. ఒక కొట్టు, ఒక మంచి పేరు, హిమజ. హిమజ ఆయన చెల్లెలి కూతురు. తల్లి పోతే వీళ్లింట్లోనే పెరిగింది. ఇప్పుడు ఊళ్లోని విశ్వవిద్యాలయంలో ఆల్చిప్పల మీద పరిశోధన చేస్తోంది.

ఆ హిమజే పది గంటల వేళ వానలో తడుస్తూ వచ్చి, చేతిలోని గాజు తొట్టిని బల్ల మీద పెట్టింది. కొట్టంతా నీచు వాసన కమ్ముకుంది.

"అన్నీ పోయాయి అత్తా."

"నీళ్లు మార్చి చూశావా?"

"నీళ్లు మారిస్తే శవాలు లేస్తాయా?" హిమజ కుర్చీలో కూలబడింది. "రాత్రంతా గుమ్మం దగ్గర ఆపేశారు. రజను పలకట్లేదు కాబట్టి చేత్తో పరీక్ష చెయ్యాలట. ఆ పని తెలిసినవాళ్లు ఎవరున్నారని అడిగితే, అందరూ మా అమ్మమ్మ కాలంలోనే రిటైరయ్యారట."

ఆల్చిప్ప రాయిని పట్టుకుంటే అలలు కూడా ఊడదీయలేవు. అలా పట్టుకునే జిగురును ఆల్చిప్ప పిల్లల నుంచి తీసి, పసివాళ్ల గుండెలో ఉండే చిల్లులను కుట్టు లేకుండా మూసే పని హిమజది. కుట్టు పడితే గుండె పెరిగేకొద్దీ బిగుస్తుంది. ఈ జిగురు గుండెతో పాటు సాగుతుంది. ఆ గుణమున్న జాతి ఒకే ఒక్క చోట పెరుగుతోంది. సముద్రం అవతల రోటర్‌డామ్ పక్కన, షేక్ మస్తాన్‌వలీ అనే నెల్లూరాయన ఉప్పునీటి మడుగుల్లో.

"మళ్లీ తెప్పిద్దాం. ఆయనకేం, బోలెడు సరుకు."

"ఈ ఏడాదికి ఇంకొక్కసారే పిల్లలు పెడతాయి. నా దగ్గర జిగురు సీసా అడుగంటింది." హిమజ తొట్టి వైపు చూసింది. "వార్డులో ఒక పసిపిల్ల ఉంది అత్తా. పిడికిలంత లేదు. వాళ్లమ్మకు మాటిచ్చాను."

కాంతరత్నం తొట్టిని గుడ్డతో కప్పింది. మాటంటే ఏమిటో ఆవిడకు తెలుసు. ఇచ్చిన మాట పోతే కొట్టుకు తాళం వేసుకోవడమే. ఇక్కడ పోయేది కొట్టు కూడా కాదు.

మధ్యాహ్నానికల్లా రేవు చట్టాలన్నీ తిరగేసి ఒక పాత నిబంధన పట్టింది. రజను రాకముందు పుట్టి, ఎవరూ తీసెయ్యక మిగిలిపోయింది. అమ్మేవాడూ కొనేవాడూ గుమ్మంలో ఎదురెదురుగా నిలబడి, పెట్టె విప్పి, ధర కుదుర్చుకుని, ఒకరికొకరు పూచీ ఉంటే సరుకును అక్కడికక్కడే వదిలెయ్యొచ్చు. కాకపోతే ఇప్పుడు ఆ పూచీని వినేది మనిషి కాదు, మాటతూకం. గొంతునూ నాడినీ తూచి నిజమైతే పచ్చగా, అబద్ధమైతే ఎర్రగా వెలిగే యంత్రం.

ఆవిడ రోటర్‌డామ్‌కు ఫోన్ చేసింది. ఇన్నేళ్ల వ్యాపారంలో అదే మొదటిసారి. అంతకుముందు అవసరమే పడలేదు.

"ఎవురూ?"

"హల్ నుంచి. రత్నాన్ని."

"ఓయబ్బ! ఆడమనిషివా? రజను ఎప్పుడూ కె. రత్నం అనే చెప్తుండె. మీసాలుండే పెద్దాయన అనుకుంటిని గదక్కా!"

"మీసాల సంగతి తర్వాత. నీ సరుకు చచ్చింది."

"నా సరుకు చావలా. మీ గుమ్మం చంపింది."

"ఎవరు చంపినా శవం నా కొట్లో ఉంది మస్తానూ." ఆవిడ నిబంధన సంగతి చెప్పి, పసిపిల్ల సంగతి కూడా చెప్పింది. "నువ్వే పడవెక్కి రావాలి."

"పడవా? నాకు సముద్రం పడదక్కా. కడుపులో తిప్పేస్తది."

"ఆల్చిప్పలు అమ్మేవాడివి, సముద్రం పడదా?"

"కోడిగుడ్లు అమ్మేవాడు పొదగాల్నా ఏంది?" అన్నాడు మస్తాన్‌వలీ. ఆ నోటితోనే, "వస్తాలే" అన్నాడు.

గురువారం పడవ వచ్చింది. దిగినవాడు బక్కపలచటి మనిషి. ముఖం పాలిపోయి ఉంది, భుజాన తడి తువ్వాలు. ఒక చేత్తో మంచుపెట్టె లాగుతున్నాడు, రెండో చంకలో ఒక చిన్న డబ్బా. కాంతరత్నాన్ని చూడగానే, "మీసాలు తీసేసినావే!" అని నవ్వబోయి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

గుమ్మం అధికారి బ్రెండా అనే స్థూలకాయురాలు. మంచి మనిషే. కానీ ఆవిడ ఇంగ్లీషును తెలుగు చేసి వినిపించే పలుకుగింజ ఏ పండితుడి ఇంట్లో చదువుకుందో!

"సత్యమును మాత్రమే పలుకుడు. యంత్రము వినుచున్నది. ముందుగా ధరను నిర్ణయించుకొనుడు."

ధర! రజను మూగబోయాక సరుకుకు ధర కూడా లేకుండా పోయింది. మస్తాన్‌వలీ తన ధర చెప్పాడు. కాంతరత్నం పెట్టెలోకి తొంగిచూసింది. నీళ్లలో ఇసుక రేణువుల్లాంటి పిల్లలు లక్షణంగా కదులుతున్నాయి. ఆవిడ మనసు నెమ్మదించింది. నోరు మాత్రం, ఆవిడ నోరే కదా, తన పని తాను చేసింది.

"ఈ మురికినీళ్లకా ఇంత? మా హల్ వానలో ఇంతకన్నా మంచివి పడతాయి."

యంత్రం ఎర్రగా వెలిగింది.

"అక్కా, ఇంతకన్నా తగ్గిస్తే నేను ఇల్లమ్ముకోవాల. పిల్లోళ్లు వీధిన పడతారు."

ఎరుపు.

"నాకు అవసరమే లేదు. పట్టుకుపో."

కళ్లు జిగేల్మనేంత ఎరుపు. గంట కూడా మోగింది.

"మీరిరువురూ అసత్యవాదులు!" బ్రెండా లేచి నిలబడింది. "ఈ సరుకును వెనుకకు పంపవలసియున్నది."

కాంతరత్నం నాలిక కరుచుకుంది. పసిపిల్ల ప్రాణం పెట్టెలో పెట్టుకుని ఎవరైనా ఈ పని చేస్తారా? "ఇది అబద్ధం కాదు తల్లీ. బేరం!"

"భేదమేమి?"

"అబద్ధమైతే ఎదుటివాడు మోసపోవాలి. నేను చెప్పింది ఆయన నమ్మలేదు, ఆయన చెప్పింది నేను నమ్మలేదు. ఇక మోసమెక్కడుంది?"

బ్రెండా కాసేపు ఆలోచించింది. యంత్రం ఆలోచించలేదు, ఎర్రగానే ఉంది. "మరియొక అవకాశము కలదు," అంది చివరికి. "అదియే కడపటిది."

పెట్టె అంచున మంచు కరిగి నేల మీద మడుగు కడుతోంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నోరు తెరిస్తే బేరం వస్తుంది, బేరం వస్తే ఎరుపు వస్తుంది. పుట్టుకతో వచ్చిన నోటిని ఏ తాళంతో మూస్తారు?

మస్తాన్‌వలీ నెమ్మదిగా భుజం మీది తువ్వాలు తీశాడు. ముఖం తుడుచుకోలేదు. దాన్ని తన కుడిచేతి మీద పరిచాడు.

కాంతరత్నానికి ఒక్కసారిగా ఎప్పటివో మాటలు గుర్తుకొచ్చాయి. ఎద్దుల సంతలో కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లని ముత్తాత గురించి నాన్న చెప్పేవాడు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ రెండు చేతులకే తెలిసేది. చిన్నప్పుడు అన్నదమ్ములతో ఆ ఆట ఎన్నిసార్లు ఆడిందో!

ఆవిడ తువ్వాలు కింద చెయ్యి పెట్టింది.

అతని చెయ్యి చల్లగా ఉంది. ఉప్పునీళ్లకు పగిలి, గరుకుదేలింది. ఇన్నేళ్లూ ఆ చెయ్యి తాకిన సరుకే ఆవిడ తాకింది. 'దారిలో చల్లగా ఉంచారు' అని రజను చెబితే విని అర సర్దుకుందే గానీ, చల్లగా ఉంచిన చెయ్యి ఇలా పగిలి ఉంటుందని ఎప్పుడూ తోచలేదు. అతను వేళ్లు నొక్కాడు. ఆవిడ తగ్గించి నొక్కింది. అతను అందులో సగం తగ్గి నొక్కాడు. మళ్లీ నొక్కబోయి ఆవిడ ఆగింది. బాగా ఆలోచిస్తే తను మనసులో అనుకున్న ధరకన్నా అది తక్కువే. ఆవిడ ఒక వేలు ఎక్కువే నొక్కింది. మస్తాన్‌వలీ కనుబొమలు ఎగరేశాడు. కొనే మనిషి ధర పెంచడం అతని వంశంలో ఎవరూ చూసి ఉండరు. అరచెయ్యి మొత్తం పట్టి గట్టిగా నొక్కాడు. బేరం కుదిరింది.

"ఇక పూచీ పలుకుడు. ఈతడు మీకు తెలియునా?" అని బ్రెండా ఆవిడను అడిగింది.

"తెలుసు."

పచ్చ.

"ఈమె మీకేమి కావలెను?"

"మా అక్క," అన్నాడు మస్తాన్‌వలీ.

యంత్రం ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత పచ్చగా వెలిగింది. బ్రెండా ఆ ముఖాన్నీ ఈ ముఖాన్నీ మార్చిమార్చి చూసి, పెట్టెను వదిలింది.

పెట్టె గుమ్మం దాటాక అతను చంకలోని చిన్న డబ్బా ఆవిడ చేతిలో పెట్టాడు. మూత తీస్తే నాచు పట్టి ముదిరిన పెద్ద ఆల్చిప్పలు. కాంతరత్నం చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇవి తల్లులు కదయ్యా!"

"కొసరు."

"తల్లులనెవరైనా కొసరు వేస్తారా? ఇవి మా దగ్గరే పిల్లలు పెడితే ఇక నీ దగ్గర కొనేదేముంది? వ్యాపారం చేసేవాడు చేసే పనేనా ఇది?"

"మీ గుమ్మం ప్రతి తూరీ తెరుచుకుంటదని నమ్మకం యాడుంది? అది మూసినప్పుడు ఇంకో పసిబిడ్డ ఉంటే ఏంజేస్తావ్?"

"మరి నీకేం మిగులుతుంది?"

"ఆ లెక్క నువ్వేసుకో అక్కా. నాకు కళ్లు తిరగతుండాయి."

బ్రెండా డబ్బా చూసింది. "ఇది విక్రయించబడినదా?"

"లేదు."

"క్రయము చేయబడినదా?"

"లేదు."

"మరి యేమి?"

"కొసరు," అన్నారిద్దరూ. పలుకుగింజ ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చలేక గరగరమని ఊరుకుంది. యంత్రం మాత్రం పచ్చగానే ఉంది. నిజమని తేలినదాన్ని ఆపడానికి బ్రెండాకు ఏ నిబంధనా కనిపించలేదు. డబ్బాను చేత్తో గుమ్మం అవతలికి జరిపింది.

నెల తిరిగేలోపు పసిపిల్ల గుండె చిల్లు మూసుకుంది. హిమజ ఆ పిల్ల ఏడుపును ఫోన్‌లో వినిపిస్తే, కాంతరత్నం కొట్టులో కూర్చుని మళ్లీ మళ్లీ వింది. ప్రయోగశాల తొట్టిలో తల్లులు నిలదొక్కుకున్నాయి. ఇక సముద్రం అవతల కొనాల్సిందేమీ లేదు. ఆవిడ తూచుకుంది. వచ్చింది చాలా ఉంది. పోయింది ఏమిటంటే, ఒక చెయ్యి.

పడవ వచ్చే గురువారం కొట్టుకు తాళం వేసి, ఒక సీసా పట్టుకుని రేవుకు నడిచింది. అతనికి చెప్పలేదు. ఏమని చెబుతుంది?

గుమ్మం దగ్గర ఆవిడ ఊహించని సందడి. జున్ను అమ్మేవాళ్లు, గాజు సామాను వాళ్లు, మందుల వాళ్లు, అవతలివాళ్లూ ఇవతలివాళ్లూ రకరకాల గుడ్డలు చేతుల మీద పరుచుకుని నిలబడి ఉన్నారు. తువ్వాలు సంగతి రేవంతా పాకినట్టుంది. ఒకాయన తన మెడలోని ఉన్ని మఫ్లరే పరిచాడు. నోళ్లు మూసుకుని, కళ్లతో నవ్వుకుంటున్నారు.

"మీరేమి కొనుటకు వచ్చితిరి?" అంది బ్రెండా.

"ఏమీ లేదు."

పచ్చ.

పడవలోంచి మస్తాన్‌వలీ దిగాడు. ముఖం పాలిపోయి ఉంది, భుజాన తువ్వాలు. చేతిలో పెట్టె లేదు, చంకలో డబ్బా లేదు. ఆవిడను చూసి తప్పు చేసి దొరికిపోయినవాడిలా నిలబడిపోయాడు.

"సరుకేదయ్యా?"

"నువ్వు మాత్రం ఏం కొందామని వచ్చినావు?"

ఆవిడ సీసా చాపింది. "అల్లం మురబ్బా. పడవలో చప్పరిస్తూ కూర్చుంటే కడుపులో తిప్పదు."

అతను మూత తీసి వాసన చూశాడు. ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత మొహం వికారంగా పెట్టి, "ఛీ, ఇదేం మురబ్బా? ఊరికే ఇచ్చినా ఎవురూ తినరు," అన్నాడు.

యంత్రం భగ్గున ఎర్రబడి గంట మోగించింది. బ్రెండా కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి, దాని ముఖాన్ని గోడవైపు తిప్పేసింది.