గుండె కొస

"సిగిత్ గారూ, మీ చేతిలో పడితే చచ్చిన గుండెకైనా బలం వచ్చేస్తుందండీ," అంది వూలన్, సోయా టెంపే ముక్క నములుతూ.

క్యాంటీన్లో అందరూ నవ్వారు. సిగిత్ కూడా నవ్వాడు. మెచ్చుకుందనుకున్నాడు, వెర్రివాడు.

సెమరాంగ్ రేవుపట్నంలో ఆ ఆస్పత్రిలో అతను ఎకో తీస్తాడు, ఆమె ఎమ్మారై తీస్తుంది. గుండెపోటు వచ్చినవాళ్ళకి రెండూ తీసి, గుండె తనలో నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందో పోల్చమన్నాడు పెద్ద డాక్టరు. ప్రతిసారీ సిగిత్ అంకే ఎక్కువ.

"మీ గొట్టంలో దూరితే ఎవడైనా బెదిరిపోతాడు. అందుకే మీకు తక్కువ వస్తుంది."

"కాదు. మీరు గుండె కొసని వదిలేసి మిగతాది కొలుస్తారు. దెబ్బ తగిలేది చాలామందికి అక్కడే."

ఇన్నేళ్ళ అనుభవం, కంటితో చూసి చెప్పేస్తానంటూ సిగిత్ చాలాసేపు దంచాడు. ఆమె ఒక్క ముక్కా నమ్మలేదు. వాదించినంతసేపూ తనవైపే చూసింది కదా అని మురిసిపోయాడు. మూర్ఖుడికి అది చాలు.

ఓ వానరోజు మధ్యాహ్నం వూలన్ తండ్రిని తీసుకొచ్చింది. పెద్దాయన కస్మాన్ చేపల పడవకి ఇంజన్ డ్రైవరు. గుండెపోటు వచ్చి నెలైంది. కూతురి గొట్టంలోంచి రెండుసార్లు బయటికి దూకాడు.

"ఇక మీరే దిక్కు," అంది. ఈసారి నవ్వలేదు.

ఆమె గది దాటగానే ముసలాయన గొంతు తగ్గించాడు.

"అబ్బాయ్, మా పిల్ల చుట్టూ తిరుగుతున్నావని తెలుసులే. యాభై శాతం దాటిందని రాయి. పడవ ఓనరు అదే అడిగాడు. రాస్తే నాకు పడవ, నీకు పిల్ల."

పేదవాడి గుండె బాగోలేదంటే ముందు పని పోతుంది, గుండె సంగతి ఆ తర్వాత. అది సిగిత్‌కి ఒకరు చెప్పక్కర్లేదు.

అలవాటు చొప్పున కొలిచాడు. యాభై రెండు. అబద్ధం ఆడే శ్రమ కూడా లేదు, బటన్ నొక్కితే పెళ్ళి ఖాయం.

నొక్కలేకపోయాడు. ఎకో పరికరాన్ని ఒక పక్కటెముక కిందికి జరిపి వంచాడు. కొస కనిపించింది. అక్కడ కండ పల్చబడి, కదలకుండా పడి ఉంది. మళ్ళీ కొలిస్తే ముప్ఫై ఆరు. ఇన్నేళ్ళూ ఎంతమందికి ఇలా ఉత్త ధైర్యం పంచిపెట్టాడో, మహానుభావుడు.

"ముప్ఫై ఆరండీ. ఇప్పుడు పడవెక్కితే నడిసముద్రంలో ఆగేది ఇంజన్ కాదు."

"పిల్ల వద్దా నీకు?"

"కావాలి. మీరూ ఉండాలి."

వూలన్ లోపలికొచ్చి తెరవైపు చాలాసేపు చూసింది. "కొస చూశారే."

"మీరన్నదే నిజం. పాత రోగులందరికీ మళ్ళీ తీయాలని పెద్ద డాక్టరుకి నేనే చెబుతా. తిడతాడు."

"తిట్టాలి కూడా," అంది మెత్తగా.

ముసలాయన చొక్కా గుండీలు కోపంగా పెట్టుకుని, తలుపు దగ్గర ఆగాడు.

"నేను చెబితే మా ఆవిడ నమ్మదు, పని ఎగ్గొట్టడానికంటుంది. ఆదివారం ఇంటికొచ్చి నువ్వే చెప్పు. భోజనం ఎలాగూ పెడుతుంది."

సిగిత్ తల ఊగుతూనే ఉంది.

"ఇస్త్రీ చొక్కా వేసుకుని రండి," అంది వూలన్. "నాన్న గుండెకంటే ముందు మా అమ్మ చూసేది అదే."