పీటతో సహా తూకం

ఉదయం పదిన్నరకు మ్యూజియం స్టోర్ గుమాస్తాను రెండు ఇనుప రాక్‌ల మధ్య నలిపేశారు.

ఆ రాక్‌లు పట్టాల మీద నడుస్తాయి. చివరనున్న చక్రం తిప్పితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎవరో నిదానంగా తిప్పారు. పదకొండింటికి ఆయనను బయటికి తీశారు. ఒంట్లో ఎముక మిగల్లేదు. కళ్లజోడు మాత్రం పక్కనున్న బల్ల మీద భద్రంగా ఉంది.

పదకొండుంబావుకి గూఢచారి విభాగంలో బాస్ ఫైలును టేబుల్ మీదికి తోశాడు.

“బయటి దేశంలో మనకోసం పనిచేస్తున్న నలభైమంది పేర్లు ఒక చిప్‌లో ఉన్నాయి. ఈ రోజు మ్యూజియం నుంచి విదేశీ ఎగ్జిబిషన్‌కి రెండొందల పన్నెండు పెట్టెలు పోతున్నాయి. చిప్ అందులో ఒకదాన్లో ఉంది. అది చేరితే నలభై శవాలు.”

“లారీ ఆపేద్దాం,” అన్నాడు మేకు. అతని అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. దిగితే ఊడడు, అందుకే మేకు.

“ఆపితే మనకి తెలిసిపోయిందని వాళ్లకి తెలుస్తుంది. ఇంకో కాపీ ఇంకో దారిన పంపుతారు. లారీ నాలుగింటికి కదలాల్సిందే. ఇంకోటి. మ్యూజియంలో రెండు డేటాబేసులు. స్టోర్‌ది ఒకటి, ఎగ్జిబిషన్‌ది ఒకటి. నాలుగింటికే రెండూ కలిపేస్తున్నారు. తర్వాత పాత అంకె ఒక్కటీ దొరకదు.”

“గుమాస్తా చచ్చేముందు మనకేమన్నా చెప్పాడా?”

“నిన్న ఫోన్ చేశాడు. ‘సార్, ఒకటి కలిసిందండీ’ అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. లోపల మన మనిషి ఉంది. కోడ్ పేరు వార్నిష్.”

వార్నిష్ రెండు వైపులా పనిచేసే మనిషి. మనవైపే ఎక్కువ పనిచేస్తుందని బాస్ నమ్మకం.

మేకు చెదలమందు కొట్టేవాడి వేషంలో వెళ్లాడు. ఖాకీ చొక్కా, వీపున మందు డబ్బా, భుజం మీద గొట్టం. జేబులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను. క్యాప్ నొక్కితే సూది వస్తుంది. పొడిస్తే రెండు రోజుల నిద్ర.

డేటా రూములో వార్నిష్ ఒక్కతే ఉంది. ఎర్రటి పెదాలు, ఎత్తుమడమల చెప్పులు.

“గదిలో తేమెంత?” అన్నాడు మేకు.

“యాభై దాటింది. గొడుగు తెచ్చావా?” కోడ్ సరిపోయింది. ఆమె నవ్వింది. “చెదలవాడి వేషం నీకు బాగా కుదిరింది. మొహం ముందే ఉంది కదా.”

రెండు డేటాబేసుల్లోని బరువులు పక్కపక్కన పెట్టి క్వెరీ కొట్టింది. స్క్రీన్ ఎర్రబడింది.

“రెండొందల పదకొండు మిస్‌మ్యాచ్‌లు. దొంగ రికార్డు వీటిలోనే ఉంది. పైనుంచి మొదలుపెట్టు.”

ప్యాకింగ్ హాల్లో పెట్టెల మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. చచ్చిపోయిన గుమాస్తాకు బామ్మర్ది. ఏడవలేదు. మరలు విప్పుతున్నాడు.

“ఇంటికి పోలేదేం?”

“మా అక్కకి ఇంకా చెప్పలేదండీ. సాయంత్రం దాకా దానికి మొగుడున్నట్టే. ఉండనీండి.”

మూడుంబావుకి పందొమ్మిది పెట్టెలు తెరిచారు. గడ్డి, బొమ్మ, గడ్డి. మేకుకి ఒళ్లు మండింది.

“ఇన్ని తప్పులు రాసిన వెధవ ఎవడు?”

“మా బావేనండి.”

మేకు తలెత్తాడు.

“బొమ్మని కింది పీటతో సహా తూచేవాడు. పీట తీస్తే పడి విరుగుద్ది, నీ బాబొచ్చి అతికిస్తాడా అనేవాడు. ఎగ్జిబిషన్ వాళ్లు పీట తీసి తూస్తారు. ముప్పై ఏళ్లలో రెండు లెక్కలూ ఒక్కసారి కలిస్తే ఒట్టు. ఆఫీసర్లు మారారు, మా బావ మారలేదు.”

మేకు చేతిలో మర ఆగిపోయింది. ‘సార్, ఒకటి కలిసిందండీ.’

“తప్పుల్లో దొంగ లేడు మేస్త్రీ. ఒప్పులో ఉన్నాడు. రెండు చోట్లా ఒకే బరువున్న పెట్టె ఏది?”

లిస్టులో ఆఖరిది. కంచు గుర్రం. స్టోర్‌లో నలభై ఏడు కిలోలు, ఎగ్జిబిషన్‌లో నలభై ఏడు కిలోలు. మూత తీశారు. మేస్త్రీ వేలితో కొట్టి చూశాడు.

“మా గుర్రం గట్టిదండీ. ఇది డొల్ల.”

పొట్ట కింద ఒక బిళ్ల ఊడింది. దూదిలో చిప్.

“అక్కడ పెట్టెయ్,” అంది వార్నిష్ వెనకనుంచి. చేతిలో సైలెన్సర్ పిస్టల్. “శుభ్రత నా జబ్బు. గుర్రం మార్చాక రెండు చోట్లా బరువు సరిగ్గా దిద్దాను. ఇంత తప్పుల తడక మ్యూజియం ఉంటుందని ఎవరనుకుంటారు?”

“చక్రం తిప్పింది నువ్వేనా?” అన్నాడు మేస్త్రీ.

“నేనే. కళ్లజోడు కొత్తదమ్మా, పగలనివ్వకు అన్నాడు. తీసి బల్ల మీద పెట్టి, తిప్పాను.”

మేస్త్రీ చేతిలోంచి పెట్టె మూత జారింది. ఆ చప్పుడుకి ఆమె కళ్లు ఒక్క క్షణం అటు తిరిగాయి. మేకు గొట్టం నొక్కాడు. చెదలమందు నేరుగా కళ్లలో పడింది. ఆమె కేక పెట్టి గుడ్డిగా కాల్చింది. గుండు గుర్రం పెట్టె పలకలోంచి దూసుకుపోయింది. మేకు పెన్ను సూది ఆమె మెడలో దిగింది.

నాలుగింటికి పది నిమిషాలు. మేకు చిప్‌ను బూటు కింద పిండి చేశాడు.

“లారీలో ఏం పంపుదామండీ?” అన్నాడు మేస్త్రీ. “సీలున్న పెట్టెని చెక్‌పోస్ట్‌లో తెరవరు. తూచి, పెట్టె బరువు తీసేస్తారు. కాగితంలో గుర్రానికి నలభై ఏడుంది.”

మేకు కింద పడున్న వార్నిష్‌ను చూశాడు.

“అవతల తెరిచేది ఆమె మనుషులే. చిప్ ఏదని అడుగుతారు. మిగతాది వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.”

మేస్త్రీ ఆమె నోటికీ చేతులకూ పెట్టెల టేపు చుట్టాడు, పింగాణీకి చుట్టినంత జాగ్రత్తగా.

“గాలికి చిల్లు పెట్టమంటారా?”

“ఆవిడే పెట్టుకుంది, తుపాకీతో.”

ఆమెను కాటా మీదికెత్తారు. ముల్లు నలభై ఆరున్నర దగ్గర ఆగింది. బయట లారీ హారన్ కొట్టింది.

“అర కిలో తక్కువండీ. చెప్పులు ఊడి అక్కడ పడ్డాయి. తొడగమంటారా?”

“తొడుగు,” అన్నాడు మేకు. “మీ బావ పీట లేకుండా ఎప్పుడైనా తూచాడా?”