పన్నెండో అంతస్తులో శంఖం

సంత్రాగాఛి రైల్వే యార్డులో, ఆగి ఉన్న రెండు గూడ్సు బళ్ల మధ్య, ఒక విదేశీ ఓడ ఇంజినీరు శవమై దొరికాడు. గుండెలో ఒకటే తూటా. మన నౌకాదళం రహస్యాలు అమ్ముకునే ముఠాకి నాయకుడైన 'కెప్టెన్'ని కళ్లారా చూసినవాళ్లు ఇద్దరే. అందులో ఒకడు పోయాడు. మిగిలింది అదే ఓడలో డాక్టరుగా పనిచేసిన మరీనా.

ముఠా ఫోన్ల మీద నిఘా వేసినవాళ్లకి ఒక్క ముక్క చిక్కింది: "రెండో సాక్షికి మూడో శంఖం."

సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు పెట్టుకున్న ఒక గూఢచారి ఆఫీసులో చీఫ్ భానుమూర్తి ఆ ముక్క రాసిన కాగితాన్ని హెప్సీ ముందుకి తోశాడు.

"ఏటమ్మా దీని అర్థం? మనవాళ్లు ఏదో ఓడ పేరంటున్నారు."

"ఓడ కాదు సార్. సంత్రాగాఛిలో మా రైల్వే క్వార్టర్స్ చుట్టూ బెంగాలీ ఇళ్లే కదా. దీపాలు పెట్టే వేళకి మూడుసార్లు శంఖం ఊదుతారు. అంటే సాయంత్రమే చంపుతారు."

"అయితే మధ్యాహ్నమే డాక్టర్ని కదిలిద్దాం. అంతదాకా ఆవిడ్ని దాచిన న్యూ టౌన్ పన్నెండో అంతస్తు ఫ్లాట్‌లో నువ్వూ చిన్మయీ కాపలా."

"వేరే ఎవరైనా ఉంటే పంపండి సార్. నా మనసు కీడు శంకిస్తోంది."

"నీ మనసు ఎప్పుడు శంకించలేదు చెప్పు? అందుకే నిన్ను పంపిస్తున్నాను."

అది నిజమే. హెప్సీకి లిఫ్టు ఎక్కితే తాడు తెగుతుందేమోనని భయం. కూతురు స్కూలు బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, ఆస్పత్రులన్నీ కళ్ల ముందు తిరుగుతాయి. తోటి ఏజెంట్లు నవ్వుతారు. నవ్వినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

హెప్సీ ఫ్లాట్ చేరేసరికి చిన్మయి ఎదురొచ్చి తలుపు తీసింది. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ముఠాలో మనిషిగా నటిస్తూ మనకి వార్తలు మోసే డబుల్ ఏజెంటు. బ్యాంకు ఆఫీసరు కూతురు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే.

"రా దీదీ. గ్యాసు కట్టేసే ఉంచాను, నువ్వు ఎలాగూ చూస్తావని."

హెప్సీ నిజంగానే వెళ్లి చూసింది. కిటికీలకి తెరలు లాగింది. కొత్త కాపురం ఫ్లాట్‌లా కనబడటానికి చిన్మయి ఒక మూల దేవుడి పటాలు పెట్టింది, వాటి పక్కన శంఖం. హెప్సీ దాన్ని తీసి తన సంచిలో పడేసింది.

చిన్మయి నవ్వింది. "పూజకి కావాలి కదా దీదీ. ఇప్పుడు ఊదుకుని ఇచ్చేస్తాను."

"పట్టపగలు శంఖమేటి? వద్దమ్మా."

మరీనా సోఫాలో ముడుచుకుని కూర్చుంది. వాళ్ల దేశంలో మంచు తప్ప మరో ఆపద ఎరగదట. ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. "నేను బతుకుతానా?"

"ఈ ఫ్లాట్ దాటకపోతే బతుకుతారు."

"నాకు ఏడేళ్ల కూతురు ఉంది. నేను ఏ దేశంలో ఉన్నానో కూడా దానికి తెలీదు."

హెప్సీ లోపలికెళ్లి ఆమెకి టీ పెట్టి తెచ్చింది.

చిన్మయి సిగరెట్ వెలిగించుకుని బాల్కనీలోకి వెళ్లింది. "డాక్టర్! ఎండ బాగుంది. కాసేపటికి మీరూ రండి" అని వెనక్కి తిరిగి పిలిచింది. పొగ లోపలికి రాకుండా గాజు తలుపు మూసుకుంది.

కప్పులో టీ వణికింది.

మొదట పక్కింట్లో ఏదో బరువు లాగుతున్నారనుకుంది హెప్సీ. అంతలో ఫ్యాను ఊయలలా ఊగింది. గోడలో ఏదో పటపటమంది. నేల పక్కకి జారినట్టయింది.

"భూమికొంపో! భూమికొంపో!" కింది అంతస్తుల నుంచి భూకంపమని అరుపులు.

హెప్సీ మరీనా మెడ పట్టుకుని డైనింగ్ టేబుల్ కిందికి తోసి, మీద తాను పడుకుంది. అల్మారా బోర్లా పడింది. సున్నం పెచ్చులు రాలాయి. మరీనా తన భాషలో ఏదో గొణుగుతోంది. మాటలు తెలియకపోయినా అది ప్రార్థన అని హెప్సీకి తెలిసింది.

బాల్కనీలో చిన్మయి తలుపు లాగుతోంది. బిల్డింగు ఊగడంతో చట్రం వంకరపోయి ఇరుక్కుంది.

అప్పుడు కింది ఇంట్లో శంఖం మోగింది.

భూకంపం వస్తే బెంగాలీ ఆడవాళ్లు చేసే మొదటి పని అది. భూమి శాంతించాలని శంఖం ఊదుతారు. సంత్రాగాఛిలో పెరిగిన హెప్సీకి కొత్త కాదు. ఇక్కడే పుట్టిన చిన్మయికీ కొత్త కాదు. కానీ ఆ శబ్దం వినగానే చిన్మయి మొహంలో రక్తం ఇంకిపోయింది. నేల కదిలినప్పుడు కూడా అంత భయం లేదు. తలుపు వదిలేసి వెనక్కి తిరిగి, ఎదురుగా ఇంకా కడుతున్న టవరు వైపు చూసింది. 'వద్దు, వద్దు' అన్నట్టు రెండు చేతులూ ఊపింది.

హెప్సీకి అప్పుడు అర్థమైంది. సాయంత్రం కాదు. శంఖం ఊదాల్సింది చిన్మయే.

పక్క ఫ్లాట్‌లో రెండో శంఖం.

"దీదీ! తలుపు పగలగొట్టు! మూడోది మోగకముందే!"

హెప్సీ చెవికమ్మలో రేడియో ఉంది, పెన్నులో కెమెరా ఉంది. గాజు పగలగొట్టే సాధనం మాత్రం ఆఫీసు ఏదీ ఇవ్వలేదు. లేవబోతే మరీనా చెయ్యి వదల్లేదు.

ఊరుకుంటే చాలు. ఈ ఆడది ఒక తల్లిని చంపించడానికి వచ్చింది. ఊరుకుంటే చాలు.

హెప్సీ చెయ్యి విడిపించుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఇనప పెనంతో గాజు మీద బలంగా కొట్టింది. రెండో దెబ్బకి గాజు బద్దలైంది. బయటికి చెయ్యి పెట్టి చిన్మయి చీర కొంగు పట్టుకుంది.

మూడో శంఖం మోగింది.

తుపాకీ చప్పుడు వినబడలేదు. చిన్మయి ఒక్కసారి ఉలిక్కిపడి, పగిలిన గాజు మీదుగా హెప్సీ ఒళ్లోకి ఒరిగింది. వీపులోంచి రక్తం వెచ్చగా కారుతోంది. నేల ఊగడం ఆగిపోయింది.

"ఎందుకే ఇలా చేశావు?"

"కాల్చేవాడు నిన్ననే దిగాడు దీదీ... విదేశీ... మనలో ఎవరి మొహమూ తెలీదు. మూడో శంఖం అయ్యాక బాల్కనీలో నిలబడిన ఆడది అని చెప్పాను... అంతే." ఊపిరి అందడం లేదు. "శంఖం... మనవాళ్లు భూకంపానికి ఊదుతారని... మరిచిపోయాను."

"మాట్లాడకు. డాక్టరు ఇక్కడే ఉంది."

మరీనా అప్పటికే టేబుల్ కిందనుంచి వచ్చి, తనని చంపబోయిన మనిషి గాయం మీద రెండు చేతులూ అదిమిపట్టింది. కాసేపటికి తీసేసి, తల అడ్డంగా ఊపింది.

"మా అమ్మకి..." అంది చిన్మయి. మిగతాది అనలేదు.

ఆమె హ్యాండ్ బ్యాగులో ఫోను గుర్రుమంది. ఇంకా వెచ్చగా ఉన్న చిన్మయి వేలు ఆనించి హెప్సీ దాన్ని తెరిచింది. 'టవరు నుంచి కబురు: పని అయింది. నిజమేనా? కెప్టెన్ బయల్దేరవచ్చా?'

హెప్సీ టైపు చేసింది: 'చచ్చింది. బయల్దేరండి.'

చెవికమ్మలో భానుమూర్తి గొంతు అరుస్తోంది. "హెప్సీ! బతికున్నావా? అక్కడ ఏటవుతోంది?"

"నేనూ డాక్టరూ బతికే ఉన్నాం సార్. ఎదుటి టవరు చుట్టేయండి. మమ్మల్ని ఎయిర్‌పోర్టుకి పంపండి. గుర్తుపట్టేవాళ్లు ఇక లేరనుకుని కెప్టెన్ ఇప్పుడే విమానం ఎక్కుతాడు."

భూకంపం మూలంగా రన్‌వే తనిఖీ చేస్తున్నారు. విమానాలన్నీ ఆలస్యం. హాలంతా జనం, ఏడుపులు, ఇళ్లకి ఫోన్లు. వాళ్ల మధ్యలోంచి వీల్‌చైర్లో ఒక ముసలమ్మ వెళ్తోంది. తల మీదుగా శాలువా, మొహానికి మాస్కు. తోస్తున్నది హెప్సీ, చీర మీద రక్తం కనబడకుండా కోటు తొడుక్కుని. శాలువా కింద మరీనా ఆమె చెయ్యి పట్టుకునే ఉంది.

తనిఖీ అయిపోయిందని మైకులో చెప్పారు. గేటు తెరిచారు. క్యూ కదిలింది. ఒక్కొక్కరే లోపలికి జారుకుంటున్నారు.

"కనబడలేదా డాక్టర్?"

"లేదు... ఆగు. మట్టి గుర్రం బొమ్మ పట్టుకున్న ఆ మనిషి... అతను కాదు. గడ్డం లేదు." క్యూలో ఆ మనిషి బోర్డింగ్ పాసు చాచాడు. వెనకున్న పిల్లవాడెవడో తగిలితే చిరాగ్గా పక్కకి తిరిగాడు. మరీనా గోళ్లు హెప్సీ అరచేతిలో దిగాయి. "ఆ చెవి! సగం తెగిన చెవి! అతనే!"

యంత్రం పచ్చదీపం చూపించింది. అతను అడుగు ఎత్తాడు. ఆ అడుగు మళ్లీ నేల మీద పడకముందే ఇద్దరు ప్రయాణికులు, ఒక స్వీపరు అతన్ని బోర్లా పడేశారు. గుర్రం ముక్కలైంది. తల పైకెత్తిన కెప్టెన్ మాస్కు తీసిన మరీనాని చూసి, శవాన్ని చూసినట్టు చూశాడు.

టవరులో తుపాకీ మనిషిని పట్టుకోవడానికి కష్టపడలేదు. నేల కదలడం అతను పుట్టాక మొదటిసారి చూశాడట. సిమెంటు బస్తాల మధ్య తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

బయట కారు దగ్గర భానుమూర్తి నిలబడి ఉన్నాడు. కోటు విప్పిన హెప్సీ చీర మీద రక్తం ఎండి అట్టకట్టింది. మరీనా ఆఫీసు ఫోన్లో కూతురితో మాట్లాడుతూ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"చిన్మయి వాళ్లమ్మ సాల్ట్ లేక్‌లోనే ఉంటుంది. కూతురు కంప్యూటరు ఉద్యోగం చేస్తోందనుకుంటోంది" అన్నాడు భానుమూర్తి. "ఎవరో ఒకరు వెళ్లాలి."

"నేను వెళ్తాను సార్."

"ఏటని చెప్తావమ్మా?"

హెప్సీ కారు తలుపు తీసి, తాళం సరిగ్గా పడుతోందో లేదో రెండుసార్లు చూసుకుని కూర్చుంది.

"భూకంపంలో పోయిందని చెప్తాను సార్. మన ఆఫీసు చెప్పే అబద్ధాల్లో ఇంత నిజం ఎప్పుడూ ఉండదు."