గుర్రుగాడు మేలుకునేలోపు

"దీన్ని ఇవాళే అవతల పారేస్తాను. కొత్తది తెస్తాను. ఇంక నువ్వేం చెప్పినా వినను," అన్నాడు భర్త. చొక్కా గుండీలు పెట్టుకుంటూ భార్యకు బల్ల మీది పాత కంప్యూటరును చూపించాడు.

ఆయన కోపంలో తప్పేమీ లేదు. పాఠ్యపుస్తకాలు వేసే ప్రెస్సుకు ఆమె ఇంట్లో కూర్చునే పేజీలు అమర్చి పంపుతుంది. పిల్లల సైన్సు పుస్తకం పొద్దున్నే పంపాల్సి ఉండగా కంప్యూటరు మధ్యలో బిగుసుకుపోయింది. మౌసు కదలదు, మీట నొక్కితే పలకదు. చేసిన పనంతా పోయింది. ప్రెస్సు యజమాని ఫోను చేసి, "నీ పనికి వంక పెట్టనమ్మా. కానీ ఇంకోసారి ఆలస్యమైతే నేను వేరేవాళ్ళని చూసుకోవాల్సి వస్తుంది, ఏమీ అనుకోకు," అన్నాడు. తిట్టినా బాగుండేది.

కొన్ననాడే అది దుకాణంలో అన్నిటికన్నా చవకది. ఇప్పుడు వయసు కూడా మీద పడింది. ఫ్యాను చేసే చప్పుడుకి ఇంట్లో దానికి గుర్రుగాడని పేరు. మీట నొక్కాక వాడు గుర్రుపెట్టి, మూలిగి, ఒళ్ళు విరుచుకుని మేలుకునేసరికి పొయ్యి మీద పాలు కాగడం, చల్లారడం, తాగడం కూడా అయిపోతుంది.

"కొత్తదొద్దండీ," అంది ఆమె నెమ్మదిగా.

"ఎందుకొద్దు? చేతిలో పని పోయాక ఏడ్చేది నువ్వే కదా?"

పనీ కావాలి, ఆ గుర్రుగాడి బద్ధకమూ కావాలి అంటే ఎవరు మాత్రం నవ్వరు?

అసలు సంగతి గుర్రుగాడు మేలుకునేలోపు ఉండే ఆ నల్లటి తెరలో ఉంది.

అత్తగారు ఆ వీధికంతటికీ కుట్టు టీచరమ్మ. కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆవిడ నోట ఒక్క మెచ్చుకోలు రాలేదు. కోడలి కుట్టు వంకర, మడత వంకర, చివరికి నవ్వు కూడా వంకరే! అలాంటి టీచరమ్మకు ఇప్పుడు మతిమరుపు కమ్మేసింది. కన్నకొడుకుని డాక్టరుగారూ అని పిలుస్తుంది. కోడలిని ఏ పేరుతోనూ పిలవదు. ఎవరో పనిమీద వచ్చి నిలబడ్డ మనిషిని చూసినట్టు చూస్తుంది, అంతే.

రోజూ పొద్దున కోడలు మీట నొక్కి, ఆవిడను తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టి, తను వెనక నిలబడి తల దువ్వుతుంది. కిటికీ పరదాలోంచి లేత ఎండ వడగట్టినట్టు దిగుతుంది. గదంతా తెల్లగా, మెత్తగా, ఇంకా నిద్ర వదలనట్టుగా ఉంటుంది... ఆ వెలుతురులో, నిగనిగలాడే నల్లటి తెర మీద ఇద్దరి మొహాలూ నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపిస్తాయి. అప్పుడు టీచరమ్మకు మాటలొస్తాయి. వెనకున్న మనిషితో కాదు, తెరలో ఉన్న మనిషితో.

"వచ్చావా అమ్మాయ్? నీకోసమే చూస్తున్నా," అంది ఒక పొద్దున.

"వచ్చానండీ."

"మా కోడలి సంగతి నీకు చెప్పానా? నాకు చూపు తగ్గాక కుట్లన్నీ పక్కకి పోయేవి. మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే అది వాటిని విప్పి మళ్ళీ కుట్టేది. బట్టలిచ్చినవాళ్ళు నన్ను మెచ్చుకుంటుంటే పక్కన నిలబడి నవ్వేది. నాకు తెలీదనుకుంది, పిచ్చిది. వేలితో తడిమితే ఎవరి కుట్టో తెలీదూ నాకు?"

దువ్వెన ఆగిపోయింది. ఎవరికీ తెలియదనుకున్న ఆ మధ్యాహ్నాలు... గుడ్డిదీపంలాంటి కళ్ళతో ఆవిడ అన్నీ చూస్తూనే ఉందా? మనసులో పెట్టుకునే ఉందా?

"ఈ మాట నువ్వు దానికి చెప్పు," అంది టీచరమ్మ. "నా నోటితో చెప్పడం నాకు అలవాటు లేదు."

చెబుతానండీ అనబోయేలోపు గుర్రుగాడు మేలుకున్నాడు. తెర భళ్ళున వెలిగింది. మొహాలు మాయమయ్యాయి. టీచరమ్మ మూగబోయింది.

నేనే అత్తయ్యా మీ కోడల్ని... అందామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! తీరా తెలిశాక ఆ మాటలు ఆగిపోతే? అందుకే మింగేసేది. జీవితమంతా ఎదురుచూసిన మాటలు అలా దొంగచాటుగా, పరాయిదానిలా వింటూ ఉండేది.

కొత్తది కొనేముందు ఒకసారి చూపిద్దామని ఆమె బతిమాలితే మెకానిక్ వచ్చాడు. పెట్టె పక్క రేకు విప్పి, దుమ్ము ఊది, లోపలికి తొంగిచూశాడు.

"కొత్తది కొనక్కర్లేదక్కా. పాత డిస్కు తిరిగి తిరిగి అలిసిపోయింది. కొత్తరకం డిస్కు వేసి, ర్యామ్ పెంచితే చాలు. మీట నొక్కి ఇటు తిరిగి అటు తిరిగేలోపు లేస్తుంది."

"మరి తెర?"

"దానికేం, నిక్షేపంలా ఉంది."

"సరే, నీ మాటే నెగ్గింది," అన్నాడు భర్త. మెకానిక్ అప్పుడే రెండూ వేసి వెళ్ళాడు. అంత త్వరగా లేచే యంత్రం ఎదురుగా ఉంటే టీచరమ్మ మాటలకు వేళ ఎక్కడిది? ఆ రోజంతా ఆమె అదే బెంగతో ఉంది. మర్నాడు దువ్వెన పట్టుకుని మీట మీద వేలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది. తల దువ్వాకే నొక్కితే పోలా! ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదు... తట్టకపోవడమేమిటి, ఈ ఇంట్లో ఊరికే కాసేపు నిలబడాలంటే ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక సాకు కావాలి. ఇన్నాళ్ళూ ఆ సాకు గుర్రుగాడు.

పేజీలు వేళకు వెళ్ళాయి. ప్రెస్సు యజమాని ఇంకో పుస్తకం ఇచ్చాడు. పొద్దున్నే తెరలోని అమ్మాయి వస్తోంది, టీచరమ్మ కబుర్లు చెబుతోంది. ఆమెకు అదంతా కలలా ఉంది.

భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. భార్య కళ్ళు ఎర్రబడుతున్నాయని గమనించాడో ఏమో, ఒక సాయంత్రం, ఆమె వంటింట్లో ఉండగా, తెచ్చిన పలచటి పొరను ఒక్క బుడగ లేకుండా తెర మీద అతికించాడు.

"చూడు, ఇంక ఏ వెలుతురూ మెరవదు. ఏ నీడా పడదు," అన్నాడు మురిసిపోతూ. అడగకుండా ఆయన ఆమెకోసం చేసిన మొదటి పని అది. ఆ మురిపెం చెడగొట్టలేక నవ్వింది.

మర్నాడు టీచరమ్మ కుర్చీలో కూర్చుని తెరలోకి చూసింది. బూడిదరంగు తప్ప అందులో ఏమీ లేదు. ముందుకు వంగింది. వేళ్ళతో తడిమింది.

"ఆ అమ్మాయి రాలేదే? చెప్పకుండా వెళ్ళిపోయిందా?"

"ఇక్కడే ఉన్నా అత్తయ్యా..."

ఆవిడ వెనక్కి తిరిగి బెదురుగా చూసింది. "నువ్వెవరు?"

ఆమె దువ్వెన పట్టుకుని అక్కడే చతికిలబడింది. ఇన్నేళ్ళు దాచుకున్న ఏడుపంతా ఒక్కసారి కట్టలు తెంచుకుంది. దుకాణానికి బయల్దేరబోతున్న భర్త కంగారుగా లోపలికొచ్చాడు. వెక్కుతూ, ఆగుతూ అన్నీ చెప్పింది. కుట్లు, మధ్యాహ్నాలు, తెరలోని అమ్మాయి...

ఆయన తెర మీది పొరను వేలితో తాకాడు. "రోజంతా అద్దాలతోనే ఉంటాను. నీడ పడకుండా చేస్తే చాలు, అదే గొప్పనుకున్నాను," అన్నాడు. తర్వాత ఎటో చూస్తూ అడిగాడు. "నా గురించి ఏమైనా అంటుందా?"

"డాక్టరుగారు మంచివారంటుంది."

ఆయన నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. గోటితో పొర అంచు లేపి, తెర మీద గీత పడకుండా మెల్లమెల్లగా ఊడదీశాడు. జేబులోని కళ్ళజోళ్ళ గుడ్డతో మూలమూలలా తుడిచాడు. నల్లటి తెరలో ముందు టీచరమ్మ మొహం తేలింది. వెనకే కోడలి మొహం.

"వచ్చావా? ఎక్కడికి పోయావే, అమ్మాయ్?"

"ఎక్కడికీ పోలేదండీ."

"మా కోడలికి ఆ మాట చెప్పావా?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆమె జడ అల్లడం మొదలుపెట్టింది.

"చెప్పానండీ."

"ఏమంది?"

"ఏమీ అనలేదు... ఏడ్చింది."

టీచరమ్మ తెరకు దగ్గరగా వంగింది.

"ఏడవొద్దని చెప్పు. అది నవ్వితే బాగుంటుంది. అది కూడా నేనెప్పుడూ చెప్పలేదు."

తెరలో ఉన్న అమ్మాయి నవ్వింది. కొంచెం వంకరగానే.