తలకింత చలి

మధ్యాహ్నపు మూత తెరుచుకోగానే చలిగోపురం కిందిమెట్ట మీదికి మంచు కక్కింది. అక్కడి ఆడవాళ్ళు ఉన్ని దుప్పట్లు బిగించి కప్పుకుని చేలల్లోకి దిగారు. గట్టుకి ఇవతల, పైమెట్టలో, ముత్యాలి వీపు మీద చెమట ధారకట్టింది. కార్తీకం వచ్చినా నిప్పులు చెరిగే రోజులవి. కొండలు తమ చలిని పోగొట్టుకుని రెండు తరాలైంది. నేల అడుగు పొరల్లోంచి చలిని తోడిపోసే ఈ గోపురమే ఇప్పుడు వాటికి ఋతువు.

ఆమె ఎర్ర రాజ్మా కాయ ఒకటి ఒలిచి గింజ కొరికింది. పన్ను జివ్వుమంది. గింజ కట్టేటప్పుడు చల్లదనం లేకపోతే ఎర్రరకం తోలు బిగుసుకుపోతుంది. రాత్రంతా నానేసినా నీరు తాగదు, పొద్దంతా ఉడికించినా మెత్తబడదు. ఆ రాతిగింజను సంతలో ఎవరూ ముట్టరు, ఇంట్లో ఎవరూ తినలేరు. కిందిమెట్ట వాళ్ళది తెల్లరకం. అది కొంత వేడికి ఓర్చుకుంటుంది. కానీ గోపురానికి గింజల రకాలు తెలియవు, తలలే తెలుసు. ప్రతి మనిషి మెడలోనూ ఊపిరిపూస వెలుగుతూ ఉంటుంది. ఎక్కడ తిరుగుతున్నా సరే, ఏ మెట్టవాళ్ళ పూసలు ఎన్ని వెలిగితే ఆ మెట్టకి అంత చలి. కొత్త పూస వెలిగితే గోపురం చప్పుడు లేకుండా తిరుగుతుంది, ఆరితే కిర్రుమంటుంది. ఎవరికీ అన్యాయం జరగకూడదనే అలా కట్టారు.

"ఇంకో వారం ఇలగే ఉంటే ఇత్తనానిక్కూడా మిగల్దు," అన్నాడు మొగుడు లచ్చన్న. గొడ్డలి భుజానేసుకుని, ఊళ్ళో మగాళ్ళను వెంటబెట్టుకుని గట్టువైపు నడిచాడు. ముత్యాలి వెనకాలే పరిగెత్తింది.

గట్టు మీద ఆమె తమ్ముడు గాసి నిలబడి ఉన్నాడు. కిందిమెట్టలో వాడి పెళ్ళాం రుక్కికి పొద్దుట నొప్పులు మొదలయ్యాయి. పురుడు పొయ్యడానికి అక్క వస్తుందని ఎదురుచూస్తున్నాడు.

"ఏటి బావా, మా అక్కని దిగబెట్టడానికి ఇంతమందా? గొడ్డళ్ళతోనా?"

"ఒక్క వారం సలి మాకొగ్గీండ్రా. మీ తెల్లగింజ తట్టుకుంటాది. మాది రాయైపోతంది."

"నానొగ్గితే ఒగ్గుతాదేటి? అది తలల్ని సూసి ఇత్తాది." గాసి నవ్వాడు. "నీకంత సలి కావాలంటే పిల్లల్ని కను బావా. పదేళ్ళైనా మా అక్క కడుపు పండించనేకపోనావు, గోపురానిదా తప్పు?"

వాడి వెనకున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే లచ్చన్న గొడ్డలి దిగింది.

మెడకీ భుజానికీ మధ్య తెగింది. రాజ్మా ఆకుల మీద నెత్తురు చిమ్మింది. గాసి మెడలో పూస రెండుసార్లు మిణికి ఆరిపోయింది.

అప్పుడు గోపురం కిర్రుమంది. దాని ఇనప మూతి వేలెడంత పైకి తిరిగింది. పైమెట్ట మగాళ్ళ చెమట మొహాలకి సన్నగా చల్లగాలి తగిలింది.

వెనకనుంచి ఒకడన్నాడు: "ఒక్కడికే ఇంతొచ్చినాది."

గొడ్డళ్ళన్నీ లేచాయి.

ముత్యాలి పడినవాళ్ళను దాటుకుంటూ రుక్కి ఇంటివైపు పరిగెత్తింది. దుప్పట్లు కప్పుకున్న ఆడవాళ్ళు చేలకడ్డంగా పారిపోతూ, కాళ్ళకి ఆ దుప్పట్లే చుట్టుకుని బోర్లాపడ్డారు. ఒక ముసలాడు మెడలో పూస రెండు చేతులా పట్టుకుని "నాది ఆర్పకండ్రా" అంటూనే కూలిపోయాడు. ఒక్కో కేకకీ గోపురం ఒక్కోసారి కిర్రుమంది.

రుక్కి ఇంట్లో తలుపు బిగించుకునేసరికి బిడ్డ తల బయటికొచ్చింది. ఆడపిల్ల. ముత్యాలి కొడవలితో బొడ్డు కోసింది. గూట్లో కొత్త పూస సిద్ధంగా ఉంది.

"పూస కట్టు వదినా," అంది రుక్కి, మొగుడి సంగతి ఇంకా తెలియక. "కట్టకపోతే దీనికి సలి రాదు."

"కడితే గోపురం తిరుగుతాది. తిరిగితే ఆలొత్తారు." ముత్యాలి పూసను పక్కకి విసిరేసి, బిడ్డను రుక్కి దుప్పటి కింద ఒడిసిపట్టుకుంది.

తలుపు విరిగింది. లచ్చన్న మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాడు.

"పుట్టినాదా?"

"సచ్చి పుట్టినాది."

దుప్పటి కింద బిడ్డ గట్టిగా ఏడ్చింది. లచ్చన్న గొడ్డలి ఎత్తాడు. ఎత్తి, అలవాటుగా, గుమ్మంలోంచి గోపురం వైపు చూశాడు. అది కదల్లేదు.

"ఏడుపినిపించినాది," అన్నాడు అయోమయంగా.

"గోపురం తిరిగినాదా?"

"నేదు."

"మరేటి?"

అతను మళ్ళీ గోపురం వైపు చూశాడు. పుట్టినప్పటి నుంచి తన చెవులకంటే దాన్నే నమ్మి బతికిన మనిషి. గొడ్డలి దించాడు. "మన సేనుకి సలి సాలినాది, రుక్కినొగ్గీసినాను. బేగి రా," అని వెళ్ళిపోయాడు.

ముత్యాలి బొడ్డు కోసిన కొడవలినే తన మెడకి ఆనించుకుంది. రుక్కి కెవ్వుమంది. తెగింది దారమే. పూస పొయ్యిలో నిప్పుల మీద పడి, రెండుసార్లు మిణికి, ఆరింది.

బయట గోపురం కిర్రుమంటూ వేలెడంత కిందికి తిరిగింది.

గట్టెక్కుతున్న పైమెట్ట మగాళ్ళు ఆగిపోయారు. తమలో ఎవడు పోయాడోనని ఒకడి మెడ ఒకడు చూసుకున్నారు. అందరి పూసలూ వెలుగుతూనే ఉన్నాయి. లచ్చన్న చేతిలో గొడ్డలి జారింది.

"ముత్యాలి సచ్చిపోనాదిరా!" అని అక్కడే కూలబడి, నెత్తి బాదుకుంటూ ఏడ్చాడు.

ఆ ఇల్లు గట్టు మీదికి కనిపిస్తూనే ఉంది. తిరిగి వెళ్ళి చూడాలని మాత్రం అతనికి తోచలేదు.