బెదురుమట్టం

విశాఖ రేవులో ఓడ కడుపులోంచి పన్నెండో పెట్టె పైకి లేస్తూండగా పైడిరాజు తన మణికట్టు వంక చూసుకున్నాడు. తోడుపట్టీ మీద పచ్చగా ఆరు అంకె. అంటే కూతురు తరళ బడిలో నిమ్మళంగా ఉందన్నమాట. అద్దాల గదిలో కూర్చునే, అల్లంత దూరాన ఉన్న క్రేన్లను నడపడం అతని పని.

ఆ రోజుల్లో బడిలో చేరిననాడే పిల్ల చేతికొకటి, కన్నవారి చేతికొకటి తోడుపట్టీ కట్టేవారు. గుండె వేగాన్నీ, ఊపిరినీ, అరచేతి చెమటనూ కలిపి లెక్కగట్టి, పిల్ల బెదురుమట్టం నూటికి ఎంతో చూపిస్తుందది. నలభై దాటితే పెద్దల పట్టీ జివ్వుమంటుంది. అక్కడికక్కడే పట్టీలోంచే పిల్లతో మాట్లాడవచ్చు. ఒకప్పుడు పైడిరాజు రోజుకు ఇరవైసార్లు మాట్లాడేవాడు. “ఏటయిందమ్మా? ఎవరేటన్నారు?” ఐదేళ్లుగా ఆ అవసరమే రాలేదు. తరళ మట్టం పది దాటలేదు. ఆ అంకెను క్యాంటీన్‌లో తోటివాళ్లకు చూపించి మురిసిపోయేవాడు.

మధ్యాహ్నం బడి నుంచి కబురొస్తే వెళ్లాడు. తరళ క్లాసు టీచరు ఉత్పల అతన్ని కూర్చోబెట్టింది.

“పొద్దున ల్యాబ్‌లో మంటలు లేచాయండి. వెంటనే ఆర్పేశాం, ఎవరికీ ఏం కాలేదు. పిల్లలందరి మట్టం ఎనభై దాటింది. మీ అమ్మాయిది ఎనిమిది.”

“మా పిల్ల గట్టిదండి,” అన్నాడు పైడిరాజు ఛాతీ విరుచుకుని.

“దాని గోళ్లు చూశారా ఎప్పుడైనా?”

చూడలేదు. అతను చూసేది అంకెనే. టీచరు తరళను పిలిపించి, తండ్రీకూతుళ్లను వదిలి బయటికి వెళ్లింది. పన్నెండేళ్ల పిల్ల. పది వేళ్ల గోళ్లూ మొదళ్ల దాకా కొరికి ఉన్నాయి.

“నీకు భయమెయ్యలేదా తల్లీ?”

“వేసింది. భయమేస్తే ఊపిరి బిగబట్టి మెల్లగా వదుల్తాను. అరచేతులు చల్లటి గోడకి ఆనించుకుంటాను. అప్పుడు నీ పట్టీ మోగదు.”

“మోగితే ఏటి?”

తరళ తల వంచుకుంది. “నేను రెండో క్లాసులో మెట్ల మీంచి పడ్డప్పుడు నీ చెయ్యి వణికి పెట్టె జారిపోయింది గదా నాన్నా. కింద మనుషులుంటే ఏటయ్యేదో అని అమ్మతో అన్నావు. నేను విన్నాను.”

పైడిరాజు ఆ వేళ్లను తన చేతుల్లోకి తీసుకున్నాడు. తండ్రిని అతని కంగారు నుంచి కాయడానికి ఈ పిల్ల ఐదేళ్లుగా భయాన్ని మింగుతూ వచ్చింది. పట్టీ చేసినవాళ్లు పిల్లల బెదురు పెద్దలకు చేరే దారి వేశారు. పెద్దల బెదురు అదే దారిన వెనక్కి వస్తుందని వాళ్లకు తోచలేదు.

అతను తన పట్టీ విప్పేశాడు.

“కంగారు నాది. దాన్ని నేను చూసుకుంటాను. నీకు భయమేస్తే నోటితో చెప్పు. గట్టిగా అరిచెయ్, ఏడ్చెయ్.”

“మరి క్రేను?”

“చెయ్యి వణికితే పక్కోణ్ణి పిలిచి తప్పుకుంటాను. పెద్దోణ్ణి గదమ్మా, ఆ మాత్రం చేసుకోలేనా?”

చెప్పినంత తేలిక కాలేదు. చాలా రోజులు పైడిరాజు వట్టి మణికట్టును తడుముకుంటూనే ఉన్నాడు. తరళను వారానికోసారి మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లేవారు. మొదట్లో ఆమె అడిగినవాటికి “బానే ఉంది” తప్ప మరో జవాబు లేదు. రెండో నెలలో ఒక సాయంత్రం ఉరుము ఉరిమితే తరళ కెవ్వుమంటూ వచ్చి తల్లి చీర కుచ్చిళ్లలో తల దూర్చింది. ఆ తల్లి దాన్ని హత్తుకుని, భర్త వంక చూసి నవ్వేసింది.

ఐదో నెలలో ఋషికొండ దగ్గర బడిపిల్లలకు సముద్రపు ఈత పోటీ పెట్టారు. అలలు ఎత్తుగా ఉన్నాయి. ఒడ్డున బారులు తీరిన తల్లిదండ్రుల కళ్లన్నీ పట్టీల మీదే. ఈల వెయ్యబోతూండగా తరళ వరసలోంచి గిర్రున వెనక్కి తిరిగింది.

“నాన్నా! నాకు చాలా భయమేస్తోంది!”

అందరూ తలలు తిప్పారు. పైడిరాజు చప్పున లేచి నిలబడ్డాడు.

“నాకూ భయంగానే ఉందమ్మా!”

తరళ పకపకా నవ్వింది. ఈల మోగింది. తోటిపిల్లలతో కలిసి అలలోకి దూకేసింది.

“ఎవరి పిల్లండీ అది?” పక్కనున్న పెద్దమనిషి జాలిగా అడిగాడు.

“నా కూతురేనండి!” అన్నాడు పైడిరాజు, కళ్లు తుడుచుకుంటూ. “ఎంత గట్టిగా అరిచిందో విన్నారా!”