మలుపులో చెయ్యెత్తినవాడు

మందుల షాపాయన వీధిలోకి వస్తే ముందు బొజ్జ వచ్చేది, తరవాత మనిషి వచ్చేవాడు. అందరికీ బీపీ బిళ్ళలు అమ్మీ అమ్మీ చివరికి తానే వాటి పాలబడ్డాడు. అప్పుడు దిగాడు బావమరిది. అక్క మొగుణ్ణి తెల్లారగట్ట లేపి పరుగెత్తించాడు, ఈతకొలనులోకి తోశాడు, ఆఖరికి ఆదివారాలు కొండలెక్కే గుంపులో చేర్పించాడు.

"నువ్వు పరుగెడుతుంటే నడిచేవాళ్ళు కాస్త జరగమంటున్నారు బావా," అని ఏడిపించేవాడు. ఏడిపించేవాడే గానీ ఏనాడూ వదిలేసి ముందుకి పోలేదు. ఆ కుర్రాడంటే ఆయనకి ప్రాణం.

ఈత నేర్పే ఆవిడ మొదట్లోనే ఒక అలవాటు చేసింది. గట్టు చేరినవాడు వెనక్కి తిరిగి చెయ్యెత్తాలి. వెనక ఈదుతున్నవాడు తనూ ఎత్తాలి. నీ వెంటే వస్తున్నాను అని దానర్థం. జవాబు రాకపోతే వెనక్కి వెళ్ళాల్సిందే. బావాబావమరుదులు ఆ అలవాటుని పరుగులోకి తెచ్చారు, తరవాత కొండమీదికీ తెచ్చారు. గుంపంతటికీ అది నచ్చింది. ప్రతి మలుపులో ఆగి వెనకవాడికి చెయ్యెత్తాలి, వాడు ఎత్తాకే కదలాలి.

ఆ ఆదివారం బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో నిలబడి, "వాడికి దూకుడెక్కువండీ. ఎలా తీసుకెళ్తున్నారో అలాగే తీసుకురండి," అంది.

"నన్ను చూసుకోమని వాడికి చెప్పు ముందు," అని ఆయన నవ్వాడు.

ఎక్కడం బాగానే జరిగింది. దిగేటప్పుడు మబ్బు కిందికి వాలి, సాయంత్రం కాకుండానే మసక కమ్మింది. ఆకుల మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. గుంపుని నడిపించే డ్రిల్లు మాస్టారు అందరికీ ముందు నడుస్తున్నాడు. గట్టివాణ్ణి చివర పెట్టడం గుంపు పద్ధతి కాబట్టి బావమరిది అందరికన్నా వెనక. వాడికి ముందు మందుల షాపాయన.

మొదటి మలుపులో ఆయన చెయ్యెత్తాడు. పైనుంచి బావమరిదీ ఎత్తాడు.

"జారకు బావా! నిన్ను మొయ్యాలంటే మాకు లారీ కావాలి!"

ఈల వేసుకుంటూ వస్తున్నాడు. ఆ ఈల కొంతసేపు వినిపించి ఆగిపోయింది.

రెండో మలుపులో ఆయన చెయ్యెత్తి నిలబడ్డాడు. మబ్బులో ఏమీ కనపడలేదు. వెనక్కి ఎక్కుదామనుకునేలోగా, గుంపందరూ వేసుకునేలాంటి టోపీ వానకోటులో ఒక ఆకారం తేలింది. నింపాదిగా చెయ్యెత్తింది. హమ్మయ్య అనుకుని ఆయన కదిలాడు. ఎక్కణ్ణుంచో పాచి వాసన వచ్చింది, ఏళ్ళుగా వాడని నూతి దగ్గర వచ్చేలాంటిది.

తరవాతి మలుపులో ఆకారం దగ్గరికొచ్చింది. అడుగుల చప్పుడు లేదు.

"ఒరేయ్..."

జవాబు లేదు. చెయ్యి మాత్రం లేచింది. లేచింది దిగలేదు.

చెయ్యెత్తాడుగా, వాడే... అని మనసుకి సర్దిచెప్పుకుని గబగబా దిగాడు.

కింద బస్సు దగ్గర డ్రిల్లు మాస్టారు, "మీ వెనకాయన ఏడీ?" అన్నాడు.

"వస్తున్నాడు. ఇప్పుడేగా చెయ్యెత్తాడు."

ఎవరూ రాలేదు.

వెతుక్కుంటూ మళ్ళీ ఎక్కారు. దిగేటప్పుడు తగిలిన మొదటి మలుపు దగ్గర, దారి అంచుకి కింద బండల మధ్య కనపడ్డాడు బావమరిది. కాలు విరిగింది, తల పగిలింది. తెలివి ఉంది.

"ఎన్ని కేకలేశాను బావా... ఎందుకాగలేదు?"

"చెయ్యెత్తావు కదరా!"

"నేనా?" వాడు పైకి, దారివైపు చూశాడు. "నా వెనకాల ఒకడొచ్చాడు బావా... దారి తప్పినవాడేమో అనుకున్నా. అలవాటుకొద్దీ చెయ్యెత్తాను. వాడూ ఎత్తాడు. అంతే... పక్కనే ఉన్నాడు. నేను పడ్డాక... నీ వెనకే దిగాడు."

డ్రిల్లు మాస్టారు గొంతు తగ్గించి, "చివరివాడి వెనక ఎవరుంటారు?" అన్నాడు.

ఆస్పత్రిలో ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. ఏ సంగతీ చెప్పలేమన్నాడు డాక్టరు. ఇలాంటి కబురు ఫోన్లో చెప్పడానికి నోరు రాక, భార్యని వెంటబెట్టుకు వెళ్దామని మందుల షాపాయన ఇంటికొచ్చాడు.

మెట్ల మలుపు దగ్గర పాచి వాసన.

కాళ్ళు వాటంతటవే ఆగాయి. మెడ వెనక్కి తిరగబోయింది. ఆయన తిరగలేదు. రెండు చేతులూ చంకల్లో బిగించుకుని, మిగతా మెట్లెక్కి గంట నొక్కాడు.

భార్య తలుపు తీసింది. తమ్ముణ్ణి ఎలా తీసుకెళ్ళాడో అలా తీసుకురాలేకపోయాడు. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక తల వంచుకున్నాడు. ఆవిడ ఆయన భుజం మీదుగా మెట్లవైపు చూసి, మర్యాదగా నవ్వి, చెయ్యెత్తింది.

"ఎవరికి... ఎవరికి ఎత్తావు?"

"మీ గుంపాయనే కదా, టోపీ వానకోటు వేసుకుని మెట్ల మలుపులో నిలబడ్డాడు. ఆయన ఎత్తితే నేనూ ఎత్తాను. ఏం, అలా అయిపోయారేం? తమ్ముడేడండీ?"

ఇంకా దించని ఆవిడ చెయ్యి పట్టుకుని ఆయన కిందికి లాగేశాడు. వెనక్కి తిరిగి చూశాడు. మెట్లమీద ఎవరూ లేరు. వాసన కూడా లేదు.

అది ఇప్పుడు ఆవిడ వెనక, దీపం వెయ్యని గదిలోంచి వస్తోంది.